థైరాయిడ్ వల్ల కనురెప్పలు పైకి లాక్కుపోయాయి. పెళ్లిలోపు ఆపరేషన్ చేయించుకోవచ్చా?

టీచరమ్మ_కర్నూలు
11 జూన్ 2023, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నాకు 36 ఏళ్లు. కర్నూలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. జనవరిలో గుండె దడ, చేతుల వణుకు మొదలై ఆరు కిలోలు తగ్గిపోయాను. పరీక్షలు చేస్తే గ్రేవ్స్ జబ్బు, థైరాయిడ్ ఎక్కువైంది అన్నారు. కార్బిమజోల్ వాడుతున్నాను. దడ తగ్గింది.

మార్చి నుంచి మాత్రం కళ్లు మారిపోయాయి. పైరెప్పలు రెండూ పైకి లాక్కుపోయాయి, నల్లగుడ్డు పైన కూడా తెల్లగా కనబడుతోంది. కుడివైపు ఎక్కువ. పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఎర్రగా, ఇసుక పడ్డట్టు ఉంటాయి. ఏప్రిల్‌లో పరీక్ష డ్యూటీలో ఉంటే ఒక పిల్ల ఏడ్చింది. నేను ఒక్క మాట కూడా అనలేదు. "టీచర్ నన్నే గుడ్లురిమి చూస్తున్నారు" అందట. రేపు స్కూళ్లు తెరుస్తారు. ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది, నిద్ర రావడం లేదు.

మా చెల్లెలి పెళ్లి అధిక శ్రావణం వెళ్లాక, ఆగస్టు చివర్లో. ఆ లోపు రెప్పలు దింపే ఆపరేషన్ అయిపోతే బాగుండు అని ఆశ. అరగంట పని అని మా బంధువు ఒకాయన అంటున్నాడు. ఇక్కడ ఎవరైనా చేయించుకున్నారా?


చెనిక్కాయ
11 జూన్ 2023, రాత్రి 11:20

అక్కా, మాది అనంతపురం. టవర్ క్లాక్ దగ్గర ఎలక్ట్రికల్ షాపు. ఈ కంటి జబ్బుకు చేసే మూడు ఆపరేషన్లూ అయినవాణ్ణి కాబట్టి రాస్తున్నా. అరగంట పని అన్నాయన పూర్తిగా తప్పు చెప్పలేదు, రెప్ప పని చిన్నదే. నాకు ఒక్కో కంటికి ముప్పావుగంట పట్టింది. కాకపోతే ఆ ముప్పావుగంట కోసం రెండున్నరేళ్లు ఆగాల్సొచ్చింది.

మీకు కళ్లు మారింది మార్చిలో. ఇంకా మూడు నెలలే. పొద్దున వాపు, ఎరుపు అంటున్నారు, అంటే లోపల ఇంకా మంట నడుస్తోంది. ఇప్పుడు రెప్ప కోస్తే కదులుతున్న బండికి టైరు మార్చినట్టు ఉంటుంది. తొందరపడొద్దు. మిగతాది రేపు షాపు మూశాక రాస్తా.


ఊరికే_వచ్చా
12 జూన్ 2023, ఉదయం 6:05

ఆపరేషన్ దాకా ఎందుకండీ. పొన్నగంటి ఆకు పప్పులో వేసుకుని మండలం పాటు తినండి. మా తాత 90 ఏళ్లకీ కళ్లజోడు లేకుండా పేపరు చదివాడు. ఇంకో మాట, ఏమీ అనుకోకండి, దిష్టి కూడా తీయించండి.


కండక్టర్_మామ
12 జూన్ 2023, ఉదయం 6:48

పొన్నగంటి కూర నాకూ ఇష్టమే సారూ. రెండేళ్లు తిన్నా. రెప్ప దిగలేదు, పప్పు మాత్రం బాగుండేది.

అమ్మా టీచరమ్మా, మాది ఆదోని. బస్సు కండక్టరుగా 31 ఏళ్లు చేసి రిటైరయినా. నాకు రెప్పతో పాటు చూపు కూడా పోట్లాడింది. ఒక టికెట్టు రెండు టికెట్లుగా కనపడేది. మెడ వెనక్కి వంచి చూస్తే ఒకటయ్యేది, అందుకని తల పైకెత్తే తిరిగేవాణ్ణి. "కండక్టరుకు పొగరు పెరిగింది" అని డిపోలో ఎగతాళి. మా కంటి డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న కంటి గురించి కాదు. "బీడీ తాగుతావా?" అన్నాడు.


పీజీ_కళ్లు
12 జూన్ 2023, రాత్రి 9:15

నేను కంటి వైద్యంలో పీజీ చేస్తున్నాను, సొంతూరు ప్రొద్దుటూరు. ఇక్కడ చూసి ఎవరికీ మందు రాయను, జబ్బు నడిచే తీరు మాత్రం చెబుతాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేసే యాంటీబాడీలే కంటి వెనక ఉన్న కొవ్వునూ కండరాలనూ కూడా రెచ్చగొడతాయి. అవి ఉబ్బుతాయి. కంటి చుట్టూ ఎముక గూడు కాబట్టి ఉబ్బినదానికి వెళ్లడానికి చోటు లేదు, గుడ్డు ముందుకు వస్తుంది. పైరెప్ప లాక్కుపోవడం దీనికన్నా ఎక్కువమందిలో కనిపిస్తుంది. ఈ జబ్బులో అన్నిటికన్నా మామూలుగా కనబడే గుర్తు అదే.

రెప్ప ఎందుకు లాక్కుపోతుందంటే కారణం ఒక్కటి కాదు. పైరెప్పను ఎత్తేవి రెండు కండరాలు. పెద్దది లెవేటర్, దాని వెనక సన్నగా ముల్లర్ కండరం. ఒంట్లో థైరాయిడ్ హార్మోను ఎక్కువైనప్పుడు ముల్లర్ కండరం బిగుసుకుంటుంది. థైరాయిడ్ అదుపులోకి వస్తే ఈ భాగం కొంత దానంతటదే సడలుతుంది. లెవేటర్ కండరం వాచి, తర్వాత గట్టిపడి పొట్టిదవడం రెండో కారణం. మూడోది కండక్టర్ మామ గారి కేసు: కింది కండరం బిగిసి కన్నును కిందికి లాగుతుంటే, పైకి చూడటానికి పై కండరాలు రెట్టింపు కష్టపడతాయి. వాటితో పాటు రెప్ప కూడా లేస్తుంది.

ఇక ఎందుకు ఆగాలి అన్నది. రండిల్ అనే ఆయన 1945లో ఈ జబ్బు నడకను ఒక గీతగా చూపించారు. మొదట ఏటవాలుగా పైకి లేస్తుంది, కొంతకాలం అక్కడే ఉంటుంది, తర్వాత మెల్లగా దిగుతుంది. దిగుతుంది గానీ మొదలైన చోటికి పూర్తిగా రాదు. వాపు పోయినా గట్టిపడ్డ కండరం మిగులుతుంది. ఈ మంట దశ మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు ఉంటుంది, పొగ తాగేవాళ్లలో ఇంకా సాగుతుంది. రూపం కోసం చేసే ఆపరేషన్లన్నీ ఆ గీత అడుగుకు చేరి, కనీసం ఆరు నెలలు కొలతలు మారకుండా నిలబడ్డాకే.

టీచర్ గారూ, మీ డాక్టర్ ఏడు విషయాలు చూసి మార్కులు వేసి ఉంటారు. కదపకపోయినా కంటి వెనక నొప్పి, కదిపితే నొప్పి, రెప్పల ఎరుపు, తెల్లగుడ్డు ఎరుపు, రెప్పల వాపు, తెల్లగుడ్డు మీది పొర వాపు, ముక్కు వైపు మూలలోని కండ వాపు. మూడు, అంతకు మించితే జబ్బు చురుగ్గా ఉన్నట్టు. మీకు ఎన్ని అన్నారు?


టీచరమ్మ_కర్నూలు
12 జూన్ 2023, రాత్రి 10:30

కర్నూలులో చూసిన మేడమ్ ఏడుకు నాలుగు అని రాశారు. ఆ అంకె ఏమిటో ఇప్పుడర్థమైంది, పిల్లలకు మార్కులేసేదాన్ని, నాకు వేసిన మార్కులు తెలుసుకోలేదు. ఇంకో అంకె కూడా ఉంది. కంటిపాప మధ్య నుంచి పైరెప్ప అంచుకు కుడి 7 మిల్లీమీటర్లు, ఎడమ 6.

ఈ రోజు మొదటి రోజు. నల్లద్దాలు పెట్టుకుని క్లాసుకు వెళ్లాను. కళ్లకలక అనుకుని పిల్లలు దూరం జరిగారు.


పీజీ_కళ్లు
12 జూన్ 2023, రాత్రి 10:41

మామూలుగా ఆ దూరం 4 నుంచి 5 ఉంటుంది. నాలుగు మార్కులంటే ముందు మంట తగ్గించడమే పని. ఆగస్టు పెళ్లికి ఆపరేషన్ ఆలోచన పక్కన పెట్టండి.

ఒక్క మినహాయింపు ఉంది, అందరూ గుర్తుపెట్టుకోండి. రెప్ప మూతపడక నల్లగుడ్డు మీద పుండు పడుతున్నా, కంటి నరం నొక్కుకుపోతున్నా రెండేళ్లు ఆగం. అప్పుడు చేసేది రూపం కోసం కాదు, చూపు కాపాడటానికి.


బుగ్గవంక
13 జూన్ 2023, మధ్యాహ్నం 1:10

కడప నుంచి. రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను. నేను ఆగని మనిషిని.

2019లో నాకు మొదలైన ఏడో నెలలో ఒక చోట (ఊరి పేరు కూడా చెప్పను) రెండు రెప్పలూ దింపించుకున్నాను. అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. పెళ్లిచూపుల్లో అబ్బాయి తల్లి "అమ్మాయి కోపిష్టిలా ఉంది" అందని ఇంట్లో ఒకటే గోల. ఆపరేషన్ బాగానే జరిగింది, రెండు నెలలు నేనూ సంతోషంగానే ఉన్నాను. నాలుగో నెల నుంచి జబ్బు మళ్లీ ఎగిసింది. కుడి కన్ను ముందుకు వచ్చింది, దానితో రెప్ప మళ్లీ పైకి. రెండుగా కనబడటం మొదలైంది. చివరికి ఎముక గూడు వెడల్పు చేసే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గుడ్డు లోపలికి వెళ్లేసరికి, ముందుకు వచ్చిన గుడ్డు మీద సరిపోయిన రెప్ప ఇప్పుడు వదులై కంటిపాప మీదికి జారింది. మళ్లీ ఎత్తారు. ఎత్తింది కాస్త ఎక్కువైంది. మళ్లీ సరిచేశారు.

రెప్పలకే మూడుసార్లు. కోసిన చోటే కోస్తుంటే లోపల మచ్చ కట్టి ప్రతిసారీ పని కష్టమైందని చివర చేసిన డాక్టర్ చెప్పారు. ఆ మొదటి డాక్టర్‌ను నేను తిట్టను. "ఇప్పుడే కావాలి" అని ఏడ్చింది నేనే. కానీ ఆయన కాదని ఉంటే బాగుండేది.


కండక్టర్_మామ
13 జూన్ 2023, మధ్యాహ్నం 2:25

తల్లీ, ఏడ్చే మనిషికి కాదనడం కూడా డాక్టరు పనే. నీ తప్పు నెత్తిన వేసుకోకు.


చెనిక్కాయ
13 జూన్ 2023, రాత్రి 10:50

నిన్న రాస్తానని రాయలేదు, కరెంటు పోయింది. ఎలక్ట్రికల్ షాపోడి ఇంట్లోనే కరెంటు లేకపోతే ఎవరికి చెప్పుకోవాలో.

బుగ్గవంక అక్క చెప్పినదాన్నే నేను వరసగా చెబుతా. అవసరమైతే మూడు ఆపరేషన్లు, వాటికొక వరస ఉంది. మొదట ఎముక గూడు వెడల్పు చేయడం, డీకంప్రెషన్ అంటారు. రెండోది మెల్లకన్ను సరిచేయడం. అన్నిటికీ చివర రెప్ప. ముందు దాంట్లో ఏం చేసినా వెనక దాని కొలత మారిపోతుంది. అందరికీ మూడూ అక్కర్లేదు, చాలామందికి రెప్ప ఒక్కటే సరిపోతుంది.

నాకు 2020లో డీకంప్రెషన్, తర్వాత మెల్లకన్ను, 2021 డిసెంబర్‌లో రెప్పలు, అన్నీ బెంగళూరులో. రెప్పల రోజు గురించి చెబుతా, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. పూర్తి మత్తు ఇవ్వరు. రెప్పలో సూది వేస్తారు, ఆ సూదే నొప్పి, మిగతాదంతా లాగుడు తెలుస్తుంది అంతే. మత్తు ఎందుకివ్వరంటే మనం కళ్లు తెరిచి చూపించాలి. నన్ను మూడుసార్లు బల్ల మీద లేపి కూర్చోబెట్టారు. ముఖం మీద పచ్చబట్ట, రెప్పల్లో దారాలు, డాక్టర్ స్కేలు పట్టుకుని ఎదురుగా. "నేరుగా చూడండి. పైకి. కిందికి. గట్టిగా మూయండి." మళ్లీ పడుకోబెట్టి ఇంకాస్త వదులు చేయడం. సూదిలో కలిపే అడ్రినలిన్ వల్ల కూడా రెప్ప కొంచెం లేస్తుందట, అది కూడా లెక్కలో పెట్టుకుని దింపాలి. మా దర్జీ చొక్కా చేతికి మూడుసార్లు కొలత చూసినట్టే ఉంది. ఇక్కడ గుడ్డ మాత్రం నేనే.

నాకు చర్మం మీద, రెప్ప మడతలో కోశారు. మడతలో కాబట్టి మచ్చ కనబడదు. కొందరికి రెప్ప తిప్పి లోపలి నుంచే చేస్తారట.

ఇంటికొచ్చాక మొదటి వారం అద్దం చూడకండి. కళ్లు నల్లగా నీలంగా ఉబ్బి, బాక్సింగ్ ఓడిపోయినోడిలా ఉన్నా. కుడి రెప్ప మరీ కిందికి ఉంది. "పోయింది, సగం కన్ను మూసేశారు" అని మా ఆవిడ ఏడుపు. ఐస్ పెట్టుకుంటూ, తలకింద రెండు దిండ్లు వేసుకుని పడుకున్నా. వారానికి కుట్లు తీశారు. ఆరో వారానికి రెండూ సమానమయ్యాయి. కాస్త కిందికే ఉంచుతారు, మానేటప్పుడు మళ్లీ కొంచెం లేస్తుంది అని ముందే చెప్పారు. చెప్పినా టెన్షన్ టెన్షనే.

ఇన్సూరెన్స్ సంగతి: "అందం కోసం చేయించుకున్నది" అని మొదట కొట్టేశారు. రెప్ప మూతపడటం లేదు, నల్లగుడ్డు ఎండిపోయి దెబ్బతింటోంది అని ఫోటోలతో డాక్టర్ లెటర్ ఇచ్చాక ఒప్పుకున్నారు. ఆ లెటర్ ఆపరేషన్‌కు ముందే తీసుకోండి.


నిర్వాహకుడు
14 జూన్ 2023, ఉదయం 9:00

మంచి చర్చ. ఒక్క మనవి: డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎక్కడ ఎంత తీసుకున్నారు అన్నవి ఇక్కడ పెట్టొద్దు. రాత్రి పెట్టిన రెండు పోస్టులు అందుకే తీసేశాను.


టీచరమ్మ_కర్నూలు
14 జూన్ 2023, రాత్రి 9:30

బుగ్గవంక గారూ, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. "ఇంక ఆ మాటెత్తను" అంది. మీకు చాలా థాంక్స్.

ఆపరేషన్ లేదు సరే, పెళ్లి రోజుకు రెప్పను తాత్కాలికంగా దింపే ఇంజెక్షన్ ఏదో ఉందట కదా?

ఇంకోటి. నేను కళ్లు తెరుచుకుని నిద్రపోతున్నానట. అర్ధరాత్రి లేచి చూసి మా ఆయన జడుసుకున్నాడు. పొద్దున మంట దానివల్లేనా?


పీజీ_కళ్లు
15 జూన్ 2023, రాత్రి 8:05

ఉంది, బొటాక్స్. పైరెప్ప ఎత్తే కండరాన్ని కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల వరకు బలహీనపరుస్తుంది. మంట దశలో కూడా కొందరికి వేస్తారు. కానీ మోతాదు అందరికీ ఒకేలా పనిచేయదు. రెప్ప మరీ వాలిపోవచ్చు, ఒక్కోసారి రెండుగా కనబడొచ్చు. పెళ్లి పీటల దగ్గర అది కావాలా? మీ డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

పొద్దున మంట ఖచ్చితంగా దానివల్ల కూడా. పగలు కన్నీటి చుక్కలు, రాత్రి పడుకోబోయే ముందు చిక్కటి జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ. ఫ్యాను, కూలర్ గాలి ముఖానికి తగలకూడదు. మన రాయలసీమ ఎండగాలికి మామూలు కళ్లే ఎండిపోతాయి. రెప్పను టేపుతో మూసి పడుకోమని చెబితే ఎలా అంటించాలో అక్కడే నేర్చుకోండి. దూది, గాజుగుడ్డ పెట్టి కట్టకండి, లోపల కన్ను తెరుచుకుంటే అదే నల్లగుడ్డును గీస్తుంది.

నల్లద్దాలు మంచివే. పిల్లలకు మాత్రం అసలు సంగతి చెప్పండి.


మైదుకూరు_సెంటర్
16 జూన్ 2023, సాయంత్రం 5:50

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మకు 58, ఇదే జబ్బు. గుడ్లు పెద్దగా ముందుకు రాలేదు, రెప్పలు కూడా పర్వాలేదు. నాలుగు రోజులుగా కుడి కంటికి అంతా వెలిసిపోయినట్టు ఉందంటోంది. ఎర్ర చీర ఇటుక రంగులో కనబడుతోందట. శుక్లం ఏమో అనుకుంటున్నాం. వచ్చే వారం చూపిస్తే పర్లేదా?


పీజీ_కళ్లు
16 జూన్ 2023, సాయంత్రం 6:02

వచ్చే వారం వద్దు. ఈ రాత్రే తీసుకెళ్లండి. రంగులు వెలిసినట్టు కనబడటం కంటి నరం నొక్కుకుపోతోందనడానికి గుర్తు కావచ్చు. గుడ్డు ముందుకు రాకపోవడం ఊరట కాదు. లోపల ఉబ్బిన కండరాలకు ముందుకు వెళ్లే దారి లేకపోతే నరం మీదే భారం పడుతుంది. వెళ్లగానే "థైరాయిడ్ కంటి జబ్బు, రంగులు తగ్గాయి" అని ఈ రెండు మాటలే మొదట చెప్పండి.


మైదుకూరు_సెంటర్
24 జూన్ 2023, రాత్రి 10:15

ఆ రాత్రే బయల్దేరాం. మీరన్నదే. మూడు రోజులు రక్తంలోకి పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఎక్కించారు. నిన్న అమ్మ ఎర్ర చీరను ఎర్ర చీర అంది. డాక్టర్ గారూ, ఏమని చెప్పాలో తెలియడం లేదు.


కండక్టర్_మామ
25 జూన్ 2023, ఉదయం 7:00

అందుకే ఈ గుంపులో పొద్దున్నే చూస్తా.

నా బాకీ మాట ఒకటి ఉంది. బీడీ సంగతి. డాక్టరు అడిగితే రోజుకు ఐదని అబద్ధం చెప్పినా. కట్ట అయ్యేది. స్టెరాయిడ్ మందులు ఎక్కినా కళ్లు తగ్గలేదు. పొగ తాగితే ఈ జబ్బు ముదురుతుంది, మందులు కూడా సరిగ్గా పనిచేయవు అని ఆయన గోడ మీద రాసి చూపినంత పనిచేశాడు. ఆర్నెల్లకు మానేసినా. ఆ తర్వాతే కళ్లు ఒకచోట నిలబడ్డాయి. ఇంట్లో ఎవరైనా తాగితే ఆ పొగ కూడా మంచిది కాదంట, మా కోడలు మా కొడుకును వాకిట్లోకి తోలింది.

మెల్లకన్ను ఆపరేషన్‌లో బిగిసిన కింది కండరం వదులు చేసినారు. తల దించుకుని నడవడం వచ్చింది. చిత్రమేమంటే పైరెప్పలు ఎవరూ ముట్టుకోకుండానే కొంచెం దిగినాయి. కింది రెప్పలు మాత్రం ఇంకా కిందికి జారినాయి. ముందే పైరెప్ప కోసి ఉంటే ఏమయ్యేదో చూడండి.


ధర్మవరం_దర్జీ
25 జూన్ 2023, మధ్యాహ్నం 12:40

మామా, కింది రెప్ప సంగతి నేను చెబుతా. పైరెప్ప వదులు చేస్తే బరువుకు అదే దిగుతుంది. కింది రెప్ప పైకి లేవాలి, పైకి లేచి నిలబడాలంటే లోపల ఆనిక కావాలి. గుడ్డ చాలనప్పుడు మేం అతుకు వేస్తాం చూడండి, అదే పని. నాకు నోటి లోపల అంగిలి పొర తీసి కింది రెప్పలో వేశారు. కొందరికి చెవి మృదులాస్థి వేస్తారట. కన్ను బాగానే మానింది, నోరే గోల పెట్టింది. రెండు వారాలు రాగి అంబలి, పెరుగన్నం. మిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గాని తిన్న మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటా ఈ జిల్లాలో.


టీచరమ్మ_కర్నూలు
3 సెప్టెంబర్ 2023, రాత్రి 9:55

చాలా రోజులైంది. పెళ్లి బాగా జరిగింది. హైదరాబాద్ వెళ్లి చూపించుకున్నాను. వారానికొకసారి స్టెరాయిడ్ డ్రిప్, మొత్తం పన్నెండు. ఇప్పటికి తొమ్మిది అయ్యాయి. ఆరు వారాలు 500 మిల్లీగ్రాములు, తర్వాత 250. ప్రతిసారీ షుగర్, బీపీ చూస్తారు, లివర్ పరీక్షలు కూడా చేస్తున్నారు. డ్రిప్ ఎక్కిన రాత్రి నిద్ర పట్టదు. ఆ రాత్రుల్లోనే యూనిట్ పరీక్ష పేపర్లన్నీ దిద్దేశాను.

బొటాక్స్ వద్దనుకున్నాను. పెళ్లి ఫోటోల్లో ముఖం స్టెరాయిడ్‌కు పూరీలా పొంగింది, కళ్లను ఎవరూ పట్టించుకోలేదు.

క్లాసులో అసలు సంగతి చెప్పాను. ఒకడు లేచి "అయితే మీకు కోపం వస్తే ఎట్లా తెలుస్తుంది టీచర్?" అన్నాడు. సుద్దముక్క కింద పెడితే కోపమొచ్చినట్టు అని ఒప్పందం చేసుకున్నాం.


గుత్తి_కోట
18 ఫిబ్రవరి 2024, రాత్రి 8:20

పాత చర్చ పైకి తెస్తున్నా. మా నాన్నకు ఎడమ రెప్ప వాలిందనుకుని చూపించాం. పరీక్షించి, తప్పు ఎడమ కంటిది కాదు, కుడి రెప్ప లేచిపోయింది, అందుకే ఎడమది వాలినట్టుంది అంటున్నారు. థైరాయిడ్ పరీక్షలేమో నార్మల్. నమ్మొచ్చా?


పీజీ_కళ్లు
18 ఫిబ్రవరి 2024, రాత్రి 10:05

నమ్మొచ్చు. రెండు రెప్పలకూ మెదడు నుంచి ఒకే ఆదేశం వెళుతుంది. ఒకటి ఎక్కువ లేస్తుంటే ఆదేశం తగ్గుతుంది, రెండోది వాలినట్టు కనబడుతుంది. థైరాయిడ్ పరీక్షలు నార్మల్‌గా ఉన్నవాళ్లలో, తక్కువగా ఉన్నవాళ్లలో కూడా కొందరికి ఈ కంటి జబ్బు వస్తుంది. అయితే రెప్ప నిజంగానే వాలుతూ, సాయంత్రానికి ఎక్కువవుతుంటే మయస్థీనియా అనే కండరాల జబ్బు ఉందేమో చూడాలి. గ్రేవ్స్ ఉన్నవాళ్లలో అది మామూలు జనం కంటే ఎక్కువ. ఆ పరీక్ష అయ్యేవరకు రెప్ప కోయనివ్వకండి.


టీచరమ్మ_కర్నూలు
30 జనవరి 2025, రాత్రి 9:10

అయిపోయింది! సంక్రాంతి సెలవుల్లో చేయించుకున్నాను. 2023 మార్చికి ఇప్పటికి లెక్కేస్తే దాదాపు 22 నెలలు.

డీకంప్రెషన్, మెల్లకన్ను నాకు అవసరం రాలేదు. ఏడుకు నాలుగు ఉన్నది పోయిన ఏడాది మధ్యకు సున్నా అయింది. కుడి రెప్ప 7 నుంచి 6.5కు దానంతటదే దిగింది, ఎడమ 6 అలాగే ఉంది. ఆరు నెలల్లో మూడుసార్లు కొలిచారు, అవే అంకెలు. అప్పుడు తేదీ ఇచ్చారు.

పాత ఫోటోలు తెమ్మన్నారు. జబ్బుకు ముందు నా రెప్ప ఎలా ఉండేదో వాళ్లకేం తెలుసు మరి. మా పెళ్లి ఆల్బమ్ సంచిలో వేసుకుని కర్నూలు నుంచి హైదరాబాద్ మోసుకెళ్లాను. డాక్టర్ మేడమ్ తలంబ్రాల ఫోటో దగ్గర ఆగి, చాలాసేపు నా రెప్ప మడత చూశారు. మా ఆయన వెనక నుంచి తొంగి చూసి "నా మీసం చూశారా మేడమ్" అన్నాడు.

చెనిక్కాయ అన్నా, మీరు రాసినదంతా అట్లనే జరిగింది, పచ్చబట్ట, స్కేలుతో సహా. మీరు చెప్పనిది ఒకటుంది: నాకు రెండు రెప్పలూ బయటి మూల వైపే ఎక్కువ లేచి ఉండేవి. అక్కడ ఎక్కువ వదులు చేసి, మధ్యలో తక్కువ చేయాలట. లేకపోతే ఎత్తు సరిపోయినా వంపు కుదరదట. ఆ మూల కోసమే రెండుసార్లు లేపి కూర్చోబెట్టారు.

కుట్లు తీశారు. వాపు ఇంకా ఉంది. సోమవారం స్కూలుకు వెళితే, కొత్త ఆరో తరగతిలో ఒక పిల్ల అడిగింది: "టీచర్, మీకు నిద్రొస్తోందా?"


బుగ్గవంక
30 జనవరి 2025, రాత్రి 9:32

చదివి నవ్వి, ఏడ్చాను. కొలతలు ఇప్పుడు ఎంత?


టీచరమ్మ_కర్నూలు
30 జనవరి 2025, రాత్రి 9:40

కుడి 4, ఎడమ 4.5. వాపు పోయాక మారొచ్చన్నారు, మళ్లీ కొలుస్తారు. ఆ అర మిల్లీమీటరు తేడా నాకూ డాక్టరుకూ తప్ప ఎవరికీ కనబడదు. మా అమ్మ మాత్రం కనిపెట్టింది.

డాక్టర్ గారూ, మీ పీజీ అయిపోయి ఉంటుంది కదా? ఒక చిన్న ప్రశ్న. కాటుక ఎప్పటి నుంచి పెట్టుకోవచ్చు? రెండేళ్లుగా ముట్టుకోలేదు.


పీజీ_కళ్లు
31 జనవరి 2025, ఉదయం 7:20

అయిపోయింది, పేరు మార్చుకోవడం కుదరలేదంతే. శుభాకాంక్షలు.

కుట్లు తీశాక ఇంకో రెండు వారాలైనా ఆగండి. గాయం పూర్తిగా మానిందని మీ డాక్టర్ చూసి చెప్పాలి. పాత డబ్బా పారేయండి, కొత్తది కొనండి. లోపలి అంచుకు వద్దు, బయటి నుంచే. చుక్కలు మాత్రం మానొద్దు, రెప్ప దిగినా పొడి కొన్నాళ్లు ఉంటుంది.


కండక్టర్_మామ
31 జనవరి 2025, ఉదయం 7:45

బీడీ మానేసి మూడేళ్లు దాటింది అని కూడా ఇక్కడే రాసి పెడుతున్నా. ఎవరూ అడగలేదు గానీ.


టీచరమ్మ_కర్నూలు
31 జనవరి 2025, రాత్రి 8:15

మామా, నేను అడుగుదామనే అనుకున్నా, మీరు ముందే చెప్పేశారు.

కాటుకకు తొందరేం లేదు డాక్టర్ గారూ. మార్చిలో మా చెల్లెలి సీమంతం. దానికి పెట్టుకుంటాను.